మచ్చలమ్మ వరి మొక్కలు

మేనకోడలు ఇంట్లో మరిచిపోయిన కళ్ళద్దాలు ఇద్దామని మేనత్త ఆమె పనిచేసే మొక్కల పరిశోధన కేంద్రానికి వెళ్ళేసరికి, గ్రీన్‌హౌస్‌లో కేకలు గేటు దాకా వినిపిస్తున్నాయి. పక్క వరుసలో గోధుమలు పెంచే ఆఫీసరు మేనకోడలి వరి కుండీల వైపు వేలు చూపిస్తూ ఊగిపోతున్నాడు.

"వీటిని బయట పారేయండి మేడమ్. ఒళ్ళంతా తెగులు. రేపు నా మొక్కలకి అంటుకుంటే పూచీ ఎవరిది?"

"తెగులు కాదని చెప్పానుగా."

"మచ్చలు కళ్ళెదురుగా కనబడుతుంటే కాదంటారేంటి?"

మేనకోడలు గొంతు పెంచలేదు. మచ్చల కుండీల మధ్యలోంచి పచ్చటి మామూలు వరి కుండీ ఒకటి తీసి అతని చేతుల్లో పెట్టింది. "మొలకెత్తిన నాటి నుంచీ ఇది వాటిని ఒరుసుకునే పెరిగింది. ఒక్క మచ్చ చూపించండి, అన్నీ నేనే మోసుకెళ్ళి పారేస్తాను."

ఆఫీసరు ఆకులన్నీ తిరగేశాడు, వెలుతురుకు పట్టి చూశాడు. ఆఖరికి కుండీ దించేసి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"అంటుకుంటుందని అంత భయమైతే మూతికి గుడ్డ కట్టుకో నాయనా," అని మేనత్త గుమ్మంలోంచే ఒకటి అంటించింది. మేనకోడలు కళ్ళతోనే ఊరుకోమంది గానీ, పెదవి చివర నవ్వు దాగలేదు.

కేంద్రంలో ఆమెను వెనకాల మచ్చలమ్మ అంటారు. ఆ పేరు పెట్టినవాడు దొరికితే నాలుగు తగిలించాలని మేనత్తకు ఎప్పటినుంచో ఉంది. అయినా ఆ మచ్చల సంగతేమిటో ఇంటికొచ్చాక అడిగింది.

"జబ్బు తగిలిన చోట ఆకు తన కణాలను తనే చంపుకుంటుందత్తా, అది ముందుకు పాకకుండా. చంపుకోమనే కబురు హార్మోన్లు మోస్తాయి. ఇవేమో జబ్బు లేకుండానే చంపుకుంటున్నాయి."

"పుట్టుబుద్ధా?"

"జన్యువులో అక్షరం కూడా మారలేదు. దాని మీద ఓ గుర్తుంటుంది, మూటకి ముడి వేసినట్టు. వీటి అమ్మమ్మ మొక్కలకి వడదెబ్బ తగిలినప్పుడు ఆ ముడి ఊడింది. మనవరాళ్ళు ఊడిన ముడితోనే పుట్టాయి."

"ఎండ ఆవిడకి, బొబ్బలు వీళ్ళకా! మీ అమ్మ మొండితనం నీకొచ్చినట్టు."

"మరి నా నోరు?"

"అది మాత్రం మా పుట్టింటి సొత్తే, ముట్టుకోకు."

చల్లటి పట్టున కొన్ని తరాలు పెంచితే ముడి మళ్ళీ పడుతుందని, మచ్చల్లేని ఆకు కింద కంకి నిండా గింజ పడుతుందని మేనకోడలి నమ్మకం. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆ నమ్మకాన్నే సాకుతోంది. మచ్చలు తగ్గాయని తనే లెక్కపెట్టి కిందటి పంటప్పుడు పదిమందిలో చెప్పింది. తర్వాత ఒక విద్యార్థిని, ఏ కుండీ ఏదో తెలియకుండా అవే ఆకులు చూసింది. ఏమీ తగ్గలేదు. చల్లటి పట్టున పెంచి, తను ఆశ పెట్టుకున్న కుండీల్లో మాత్రమే మేనకోడలు మచ్చలను మట్టి చుక్కలనుకుని వదిలేసింది.

ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. ఈ పంటలో కూడా ఏమీ తేలకపోతే చోటు గోధుమలకిచ్చేస్తామని పైవాళ్ళు మర్యాదగా చెప్పారు.

అప్పటినుంచి ఆ మనిషి మనిషిలో లేదు. గిన్నె పట్టుకొచ్చి, "అత్తా, ఈ పాలు విరిగాయా, నాకే అలా అనిపిస్తోందా?" అని అడుగుతుంది. వేసిన గడియ మళ్ళీ లాగి చూసుకుంటుంది. మేనత్త కసిరింది కూడా.

"ఏమే, అబద్ధమాడావా? పొరబడ్డావు. దానికింత దిగులా?"

"అబద్ధమాడినవాళ్ళకి నిజమేదో కనీసం తెలుస్తుందత్తా. నాకదీ తెలీలేదు."

ఆ రాత్రి గడియ మేనత్తే వేసి, లాగి చూపించింది.

కంకులు పాలు పోసుకునే వేళకు, ఒక ఆదివారం మేనకోడలు వచ్చి మేనత్త మంచం అంచున కూర్చుంది.

"రేపు నాతో రావాలి. కుండీల మీది చీటీలన్నీ లోపలికి తిప్పేస్తాను. ప్రతి ఆకూ చూసి, మచ్చ ఉంటే ఉందని చెప్పాలి."

"చదువుకున్నవాళ్ళు లేరూ? నన్నెందుకే లాగుతావు?"

"అక్కడ సగంమందికి నా చోటు కావాలి. మిగతా సగానికి నేనంటే జాలి. నీకా రెండూ లేవు."

ఒకరి మొహం చూసి మాట తగ్గించడం ఎరగని మేనత్త ఈసారి కళ్ళు తిప్పుకుంది. మొన్న కుండీలు తుడవడానికి సాయం వెళ్ళినప్పుడు, ఒకదాన్లో గోధుమరంగు చుక్క ఆమె కంటపడింది. అది చల్లటి పట్టున పెరిగిన కుండీయో కాదో ఆమెకు తెలియదు.

"సరేలే. నువ్వు మాత్రం నా ఎదురుగా నిలబడకు."

"బయటే ఉంటాను. కానీ అత్తా, నా ఏడుపు లోపలికి వినిపించినా సరే, ఒక్క మచ్చ కూడా తగ్గించకు."