ఎంత అదమాలో

పూండి స్టేషన్లో మధ్యాహ్నం పలాస పాసింజరు కోసం కూర్చున్నాను. ప్లాట్‌ఫారం చివర ఒక రైతు చెక్కను కాలితో తొక్కిపట్టి, దాని మీద పుల్లను నిలబెట్టి, పైన కొబ్బరిచిప్ప పెట్టి ఎడమచేత్తో అదిమి, కుడిచేత్తో విల్లు ముందుకూ వెనక్కూ లాగుతున్నాడు. విల్లుతాడు చుట్టిన పుల్ల గిరగిరా తిరిగింది. పొగ లేచి ఆగిపోయింది.

"అగ్గిపెట్టె కావాలా?" అన్నాను.

"అమ్మోరి సంబరానికి అగ్గిపెట్టె పనికిరాదు బాబూ. మా ఇంటోల్లే ఇలా నిప్పు తియ్యాల. మా అన్న సిటికెలో తీసీవోడు. నాకు పొగొత్తాది గానీ నిప్పు రాదు."

"ఆయన్నే చూపించమనకపోయారా?"

"ఆయనకి పలాసలో డయాలసిస్సు. దానికోసం ఆపరేషను సేసి ఎడం సేతిలో నరాలు కలిపీసినారు. ఆ సేత్తో బరువెయ్యకూడదట. మంచమ్మీంచే సెప్తాడు, గట్టిగా అదమకురా, పుల్లకి ఊపిరాడదని. మెల్లగా అదిమితే జారిపోతాది. ఎంత అదమాలో నోటితో సెప్తే తెలిసీదేటి?"

సంబరానికి ఇంకా రెండు నెలలుందని ఆయనే అన్నాడు. ఈలోగా చెయ్యి అలవాటవుతుంది లెండి అన్నాను. పత్రికలో పనిచేసిన ఇన్నేళ్లలో ఇలాంటి మాటలు చాలామందితో అన్నాను.

ఆయన ఎడమచెయ్యి చాపి మణికట్టు లోపలివైపు చూపించాడు. అక్కడ పెన్నుతో గీసిన గీత ఉంది.

"సోమారం నాకూ ఆపరేషను."

బండి వచ్చింది. ఆయన ఎక్కలేదు. తర్వాత బండికొస్తానని చెప్పి, ఆ చేతి చెమటను లుంగీకి తుడుచుకుని, మళ్లీ చిప్ప పట్టుకున్నాడు.