చెన్నమ్మ తుడిచినప్పుడల్లా ఒక ఫొటో

2022 వేసవి. మార్కాపురం బస్టాండుకు దగ్గర్లో నాకు సెల్‌ఫోన్ రిపేరు దుకాణం ఉంది. అంతకుముందు అదే బల్ల మీద గడియారాలు బాగుచేసేవాణ్ణి. ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీయడానికి, అంటే తెర మీద కనిపిస్తున్నదాన్ని ఉన్నదున్నట్టు ఫొటోగా దాచుకోవడానికి, నూట ఎనిమిది పద్ధతులు నాకు తెలుసని, గిద్దలూరు నుంచి త్రిపురాంతకం దాకా మెకానిక్‌లకు సందేహం వస్తే నాకే ఫోన్ చేస్తారని చెప్పుకుంటూ ఉంటాను. తెలిసినవి నాలుగు. ఫోన్ చేసేది రాచర్లలో ఉన్న మా బావమరిది ఒక్కడే, అదీ తన ఫోన్ గురించే.

ఆ నాలుగూ చెప్పేస్తాను. పవర్ బటన్, శబ్దం తగ్గించే బటన్ కలిపి ఒకేసారి నొక్కి వదలడం ఒకటి. ఇది దాదాపు అన్ని ఫోన్లలోనూ పనిచేస్తుంది. కొన్నిట్లో మూడు వేళ్లు తెర మీద ఆనించి కిందికి లాగితే చాలు. తెర పైఅంచు నుంచి వేలితో కిందికి లాగితే వచ్చే గుర్తుల్లో స్క్రీన్‌షాట్ గుర్తు ఉంటే దాన్ని తాకొచ్చు. నాలుగోది పామ్ స్వైప్. చేతిని నిలువుగా పెట్టి, చిటికెన వేలి వైపు అంచుతో తెరను ఈ పక్క నుంచి ఆ పక్కకు తుడిచినట్టు లాగడం. దీన్ని నా దగ్గరికి వచ్చేవాళ్లెవరూ వాడగా నేను చూడలేదు, చెన్నమ్మ వచ్చేదాకా.

చెన్నమ్మ పలకల ఫ్యాక్టరీలో పలకలకు చెక్క చట్రాలు బిగిస్తుంది. వచ్చీ రావడంతోనే ఫోన్ బల్ల మీద పెట్టింది.

"అన్నా, దీనికేందో అయింది. వీడియో కాల్ తెరుచుకోదు. యర్రగొండపాలెంలో మా అక్క ఉండాది. నాలుగు దినాలైంది నా మొకం చూపించక. ఏమైందో అని అల్లాడిపోతా ఉంటది."

"మామూలు ఫోన్ చేసి చెప్పొచ్చు కదమ్మా."

"మా అక్క పుట్టు మూగది అన్నా. చెవులు కూడా వినపడవు. చేతులు కనపడితేనే మాకు మాట."

ఆ ఫోన్ విప్పి, లోపలి సర్క్యూట్ అంతా భూతద్దంలో పరీక్షించి జబ్బు కనిపెట్టానని నలుగురికీ చెప్పాను. విప్పలేదు. మెమరీ దాదాపు నిండిపోయిందని ఫోనే తెర మీద రాసి చూపిస్తోంది. గ్యాలరీ తెరిస్తే వందల స్క్రీన్‌షాట్‌లు. అన్నిట్లోనూ ఒకే ఆడమనిషి, గాల్లో రకరకాలుగా ఆగిపోయిన చేతులు.

"ఇన్ని ఎవరు తీసినారమ్మా?"

"నాకేం తెలుసన్నా? నేను ఫోటోలు తీయను. నాకు రాదు."

నేను తెరను శుభ్రం చేద్దామని బట్ట అందుకునేలోపే ఆమె చేయి ముందుకొచ్చింది. చిటికెన వేలి వైపు అంచుతో తెరను ఒక్క ఊపున అడ్డంగా తుడిచింది. తెర తటుక్కున మెరిసింది. గ్యాలరీలో ఇంకో ఫొటో చేరింది.

పలకను కట్ట కట్టేముందు దాని మీది దుమ్మును ఆ అంచుతోనే తుడుస్తారు. వేళ్లతో తుడిస్తే మరకలు పడతాయి. ఇన్నేళ్ల అలవాటు, అక్కతో మాట్లాడుతుండగా తెర మసకగా కనపడితే ఫోన్ మీదికి కూడా అదే చేయి పోయేది.

"మెరిసింది కదమ్మా, చూడలేదా?"

"చూసినా. బాగా శుభ్రమైంది అనుకున్నా."

నవ్వు ఆపుకుని, జబ్బు దొరికింది కదా అని ఆ ఫొటోలన్నీ ఒకేసారి గుర్తు పెట్టాను. డిలీట్ నొక్కితే మెమరీ ఖాళీ. చెన్నమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఏందన్నా చేస్తుండావు?"

"చెత్త తీసేస్తున్నా. అన్నీ ఒకటే ఫొటో కదా."

"ఒకటే ఎట్లయిద్ది? ఇది తిన్నావా అంటుండాది. ఇది మేక ఈనింది అంటుండాది. ఈడ చూడు, రెండు వేళ్లు. రెండు పిల్లలంట." ఇంకొకటి చూపించి ఆగింది. "ఇది అమ్మ గురించి. అమ్మ పోయినాక మొదటిసారి అమ్మ గురించి మాట్లాడింది. ఇది ఉండాదని నాకు తెలియనే తెలియదు."

నేను వేలు వెనక్కి తీసుకున్నాను. ఇద్దరం బల్లకు చెరో పక్కన కూర్చుని, పొద్దున్నే ఎవరెవరో పంపే పూల బొమ్మలు, ఆమె మేనల్లుడు ఎక్కించిన సినిమాలు ఒక్కొక్కటే చూశాం. "ఆ పూలు తీసెయ్. ఆ సినిమా కూడా తీసెయ్, వాడు చూడనే చూసినాడు" అని ఆమె చెబుతుంటే నేను తీసేశాను. అక్క ఫొటోలు అన్నీ ఉండగానే చోటు దొరికింది.

తర్వాత పామ్ స్వైప్ ఆపేసి, పద్ధతిగా బటన్లతో తీయడం నేర్పుతానన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"అక్కతో మాట్లాడేటప్పుడు ఫోన్‌ను చెంబుకు ఆనించి పెడతా. రెండు చేతులూ మాటలకే కావాల. బటన్లు నొక్కాలంటే ఫోన్ చేతికి తీసుకోవాల. అక్క మాట మధ్యలో మాయమైపోతది."

మూడు వేళ్లు ప్రయత్నిద్దామన్నాను. రాయికి అరిగి గట్టిపడిన ఆ వేలికొసలను తెర గుర్తుపట్టలేదు. అరచేతి అంచును మాత్రం వెంటనే గుర్తుపట్టింది. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాం. దుమ్ము తుడవాలంటే కొంగు. మాట దాచుకోవాలంటే చేయి.

అక్కడే అక్కకు కాల్ కలిపింది. అక్క కనిపించిందో లేదో, చేతులు గాలిని కొట్టినట్టు ఆడాయి.

"ఏమంటున్నది?"

"తిడతుండాది. చచ్చిపోయినావనుకున్నా అంటుండాది." చెన్నమ్మ కళ్లు తుడుచుకుని నవ్వింది. "పక్కన ఆ ముసలోడు ఎవురు అని కూడా అడుగుతుండాది."

"ఈ జిల్లాలో నన్ను మించిన మెకానిక్ లేడని చెప్పు."

చెన్నమ్మ ఏదో చిన్న సైగ చేసింది. అవతల అక్క నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఏం చెప్పినావు?"

"కొంచెం తక్కువ చేసి చెప్పినాలే అన్నా." అంటూనే తెర మీద అరచేతి అంచును అడ్డంగా లాగింది. ఈసారి కావాలనే.

అప్పటినుంచి ఎవరి ఫోన్‌లో ఏది తీసేయాలన్నా ఆ ఫోన్ ఎవరిదో వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుంటున్నాను. ఇదెవరు, ఇదేంటి అని అడుగుతాను. పని ఆలస్యమవుతుంది, వరుసలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. ఏది చెత్తో నాకు చూడగానే తెలుస్తుందని వాళ్లతో అనడం మానేశాను. ఆమె నా చేయి పట్టుకోకపోతే ఆ రోజు నేను డిలీట్ నొక్కేవాణ్ణి. నొక్కి, ఫోన్ ఎంత చక్కగా బాగుచేశానో ఊరంతా చెప్పుకునేవాణ్ణి కూడా.