మనవుల పుస్తకంలో ఒక ఖాళీ

చంద్రగిరి దగ్గరి ప్రార్థనా మందిరంలో మూడు రోజుల ఉపవాసానికి నా మనవుల పుస్తకం తీసుకెళ్లాను. అందులో ఎడమవైపు దేవుణ్ణి అడిగినది, కుడివైపు జవాబు వచ్చిన తేదీ రాస్తాను. పదకొండేళ్లలో రెండు వందల పద్నాలుగు మనవులు. ఏది ముందో తెలిసే జ్ఞానం ఇమ్మన్న మొదటి మనవికి మాత్రం కుడివైపు ఖాళీ.

కొత్తగా వచ్చిన ముసలి పాస్టరు పేజీలు తిప్పి నవ్వారు. “ఏమప్పా, దేవునికే హాజరు వేస్తాండావే! ఇంట్లో ఆయమ్మ అడిగింది యాడన్నా రాసినావా?”

నా భార్య పోయిన సంగతి ఆయనకు తెలియదు. కిందటేడు జ్వరంతో పడుకుని, “ఈ తూరి ఉపవాసానికి పోవాకండి, నా దగ్గరే కూర్చోండి” అంది. నేను ఈ మందిరానికే వచ్చాను. తిరిగి వెళ్లేసరికి ఆమె లేదు.

ఏది ముందో ఆమె ఆనాడే చెప్పింది. ఆ తేదీ నాకు గుర్తుంది. కుడివైపు వేయడానికి చేయి రావడం లేదు.