రోడ్డు మీది తోటకు బండికో దిమ్మ

...అందుకే, మౌలా సాహెబు పిచ్చివాడని మీరు కూడా అనుకోకండి. గిన్నెలకు కళాయి పూసుకుని బతికే మనిషి. అనకాపల్లిలో ట్రంకు రోడ్డు పక్కన కొట్టు, మెట్ట మీద కాస్త అవతల ఇల్లు. భార్య ఖైరున్నీసాకు చూపు లేదు. అయినా రోజూ మధ్యాహ్నం గోడలు తడుముకుంటూ తనే అన్నం తెచ్చేది. ఇద్దరూ తినేవారు. ఆమె తిత్తి ఊదుతుంటే ఈయన కళాయి పూసేవాడు.

అరవై మూడులో రోడ్డు వెడల్పు చేస్తూ ఆ మెట్టను నిట్టనిలువునా కోసేశారు. ఇల్లు ఆ గట్టున, కొట్టు ఈ గట్టున మిగిలాయి. మధ్య లోతులో లారీలు. ఈయనంటే దిగి, అటూ ఇటూ చూసుకుని ఎక్కగలడు. ఖైరున్నీసా మాత్రం ఇక గడప దాటలేదు.

అప్పుడొచ్చాడు ఒక ఇంజనీరు. గట్టుకీ గట్టుకీ స్లాబు వేసి, మీద మట్టి పోసి, తోట పెంచొచ్చన్నాడు. కింద లారీలు, పైన జనం. కాకపోతే సగం ఖర్చు ఊరు పెట్టుకుంటే మిగతా సగం సర్కారు ఇస్తుందట.

ఊరు నవ్వింది. మౌలా సాహెబు బెల్లం మార్కెట్టుకు పరిగెత్తాడు.

"బాబూ, ధర్మానికి బండికో బెల్లం దిమ్మ తీత్తారు గదా. ఈ ఏడు తోటకి తియ్యండి" అన్నాడు షావుకారు బంగారయ్యతో.

"ఏటి సాయిబూ, రోడ్డు మీద తోటా? లారీల మీద పూలు రాల్తాయేటి?"

"రాల్నియ్యండి బాబూ. డ్రైవర్లూ మనుసులే గదా!"

బంగారయ్య పొట్ట పట్టుకుని నవ్వి, సరే అనేశాడు. చెరకు గానుగలు ఆగేసరికి బంగారయ్య గోడౌను దిమ్మలతో సగం నిండింది.

ఖైరున్నీసాకు చెబితే ఆమె ముఖం వెలిగింది. "రోలుగుంటలో మా అక్క హాజిరా పెరట్లో బొడ్డుమల్లె ఉంది. అంటు తెచ్చి తోట మొదట్లో పాతు. వాసన పట్టుకుని నానే వచ్చెత్తాను. నీ సెయ్యి నాకక్కర్లేదు."

"అవునవును, ఇంకెందుకులే నాను!" అన్నాడాయన.

రోడ్ల ఆఫీసువాళ్ళు బెల్లం మాకెందుకన్నారు, ముందు నగదు కట్టమన్నారు. బంగారయ్యేమో, "సర్కారోళ్ళ సగం వత్తాదని కాయితం సూపించనీ, అప్పుడమ్ముదాం. ఈలోగా ధర పెరుగుద్ది" అన్నాడు. ఎవరి మాటా తప్పని చెప్పలేక, మౌలా సాహెబు ఇద్దరి మధ్యా తిరిగాడు. తిరుగుతుండగానే ముసురు పట్టింది.

ఒక పొద్దున్న హమాలీ అప్పారావు కేకేశాడు. "మావా! నీ తోట కాలవలో పోతంది సూడు!"

గోడౌను తలుపు కింద నుంచి నల్లగా పాకం. ముసురుకి దిమ్మలన్నీ చెమర్చి కరిగిపోతున్నాయి. మౌలా సాహెబు కొట్లోంచి కళాయి పూసిన పళ్ళేలు పట్టుకొచ్చి, కింద కూర్చుని ఒకటి అడ్డం పెట్టాడు. అది నిండింది. ఇంకోటి పెట్టాడు. అదీ నిండింది. చీమలు చేతుల మీదికి ఎక్కాయి.

అప్పారావు నవ్వు ఆగిపోయింది. "లెగు మావా" అన్నాడు మెల్లిగా.

ఇంటికెళ్ళగానే ఖైరున్నీసా ముక్కు ఎగబీల్చింది. "ఏటి, బెల్లం వాసనొత్తన్నావు?"

"మార్కెట్టుకెళ్ళేను."

"అంటు ఎప్పుడు తెత్తావు? వానలప్పుడే పాతాల."

చెప్పాలనే నోరు తెరిచాడు. "రేపెల్తాను" అనే మాటే వచ్చింది.

మర్నాడు రోలుగుంట బస్సెక్కి కూర్చున్నాడు కూడా. "ఎక్కడికి సాయిబూ?" అని కండక్టరు అడిగితే లేచి నిలబడ్డాడు. దిగిపోయి, కొట్టు తెరిచాడు. అవతలి గట్టున ఖైరున్నీసా, కుండలో తడిమట్టి నింపి పక్కన పెట్టుకుని, గడపలో కూర్చుంది.