నా పేరు మీద మరొకరి రక్తం

ఆ రోజు రక్తపరీక్షకు నేను వెళ్లలేదు. నా పేరు చెప్పమని నా స్నేహితుడు రాజేశాన్ని పంపాను. ఈ తప్పు ఒప్పుకోకుండా మిగతాది చెప్పలేను.

మొదటి లాక్‌డౌన్ సడలించి, సూరత్‌లో మేం నడిపే మరమగ్గాలు, సాంచాలు మళ్లీ మొదలైన రోజులవి. నా భార్య సుజాతకు మూడో నెల. ఆమె రక్తపరీక్షలో తలసీమియా మైనర్ అని వచ్చింది.

"మైనర్ అంటే జబ్బు కాదు. కానీ భర్త కూడా మైనరైతే బిడ్డకు మేజర్ రావచ్చు. ఆయన్ను రేపే పంపండి" అన్నారు డాక్టరమ్మ.

మా కార్ఖానాలో ఒకరు రాలేకపోతే ఇంకొకరు వాళ్ల సాంచాల మీద నిలబడటం మామూలే. పని వదలలేనని చెప్పి రాజేశాన్ని బతిమాలాను. నిజానికి నాలో లోపం బయటపడుతుందని భయపడ్డాను.

"సూది నాకు, బిడ్డ నీకు. మంచిగున్నదిరా బేరం!" అని నవ్వుకుంటూ పోయాడు.

అందరికీ మాస్కులే. ల్యాబ్‌లో పేరు అడిగారు, ముఖం చూడలేదు. రిపోర్టు నార్మల్. సుజాత ఆ కాగితాన్ని పెళ్లి ఫోటోల మధ్య దాచుకుంది.

పాప పుట్టింది. ఆరో నెలకు పాలు తాగడం తగ్గింది, పెదవులు తెల్లబడ్డాయి, పొట్ట ఉబ్బింది. ఆసుపత్రిలో హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష చేసి తలసీమియా మేజర్ అన్నారు. జీవితాంతం రక్తం ఎక్కిస్తూ ఉండాలట. కౌన్సెలర్ మా పాత రిపోర్టులు చూసి ఆగింది.

"ఇద్దరిలోనూ ఉంటేనే ఇలా వస్తుంది. మీది నార్మల్ అని ఉందే? మళ్లీ చేద్దాం."

తలూపి బయటికొచ్చేశాను.

ఇంట్లో మా అమ్మ, సుజాతకు వినిపించేలాగే అంది: "నా కొడుకు నెత్తుర్ల లేని రోగం పోరికి యాడికెల్లి అచ్చిందే?"

సుజాత నా వైపు చూసింది. నేను నోరు విప్పలేదు. మూడు రోజులు అలాగే గడిపాను. ఆమె సరిగా అన్నం కూడా తినలేదు.

నాలుగో రోజు పొద్దున్నే ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. "అమ్మా, ఆ టెస్టుకు ఇచ్చిన నెత్తురు నాది కాదు, రాజేశంది."

అమ్మ తలవంచుకుంది. సుజాత ఏడవలేదు.

"అప్పుడంటే భయపడ్డవనుకుంట. గీ మూడు దినాలు నన్నెందుకు గట్ల నిలబెట్టినవ్?"

పాపను ఎత్తుకుని సుజాతతో ఆసుపత్రికి బయల్దేరాను.

ఆ రోజే రక్తమిచ్చాను. మైనర్. కౌన్సెలర్ మందలించలేదు. "ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. మళ్లీ గర్భం వస్తే పదకొండో వారంలో మాయ నుంచి చిన్న ముక్క తీసి సీవీఎస్ పరీక్ష చేసి బిడ్డ సంగతి తెలుసుకోవచ్చు. చేయించుకోవాలా వద్దా, ఆ తర్వాత ఏంటన్నది మీ నిర్ణయం" అంది.

"అభీ నహీ, మేడం" అని ఇప్పుడే వద్దంది సుజాత.

కరోనా మూడో వేవ్‌లో రక్తదాతలు దొరకక పాప బాగా నీరసించింది. కార్ఖానాలన్నీ తిరిగి అడుక్కున్నాను. ఇప్పుడు దానికి మూడేళ్లు. మూడు వారాలకోసారి పని మానుకుని నేనే తీసుకెళ్తాను.

తోటివాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. పెళ్లికి ముందే, కాకపోతే గర్భం తెలిసిన వెంటనే, ఇద్దరూ వెళ్లి తలసీమియా మైనర్‌ను పట్టిచ్చే హెచ్‌బీఏటూ పరీక్ష చేయించుకోండి.

మొన్న సూరత్‌లోనే, మనవాళ్లుండే గోడాదరాలో ఒక పెళ్లి భోజనాల దగ్గర మా మేనత్త సుజాతను అడిగింది: "రెండోది ఎప్పుడే?"

నేనే జవాబిచ్చాను. "రోగం నా నెత్తుర్ల గూడ ఉన్నదత్తా. టెస్టుకు వేరే మనిషిని తోలి, దీని మీద నింద తెచ్చింది నేనే. ఇంకో బిడ్డ కావాల్నో వద్దో అదే చెప్తది."

పక్క వరుసలో వాళ్లు కూడా తినడం ఆపి చూశారు. వాళ్లకు వినిపించాలనే గట్టిగా అన్నాను.