ఏనుగు ఎత్తు

మావారి అక్కయ్యకు పుట్టుకతోనే చూపు లేదు. నాకు ఆవిడ వదిన. ప్రభుత్వ ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటర్‌గా ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. అశోక్‌నగర్‌లోని మా ఫ్లాట్‌లో వీధి వైపు గది ఆవిడది.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో, చూపు లేని మనిషితో ఎలా మసలుకోవాలో తెలియక బెరుగ్గా ఉండేదాన్ని. మా పుట్టింటివాళ్ళు కాకినాడ వైపు నుంచి ఉద్యోగరీత్యా వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. వీళ్ళది తరాలుగా చిక్కడపల్లి. నా మాట వింటే ఆవిడకు నవ్వొచ్చేది, ఆవిడ మాట నాకు సగమే అర్థమయ్యేది. అయినా వారం తిరిగేసరికి నా చెయ్యి పట్టుకుని నారాయణగూడలో కూరగాయల కొట్టుకు తీసుకెళ్ళింది ఆవిడే. దారిలో "ఇక్కడ మెట్టున్నది పిల్లా, జర చూసుకో" అని నాకే జాగ్రత్త చెప్పారు. అప్పటినుంచి ఆవిడకు తెలియనిది ఈ ఊళ్ళో ఏదీ లేదని నేను అనుకుంటూ వచ్చాను.

పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం నేను టీవీ పెట్టుకుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. పక్కన వదిన కూడా తుంచుతున్నారు. టీవీలో అడవి కార్యక్రమమేదో వస్తోంది. ఏనుగు ఘీంకరించింది. ఆవిడ చేతులు ఆగాయి.

"పిల్లా, ఒక మాట అడుగుత. నవ్వొద్దు."

"అడగండి వదినా."

"ఏనుగు ఎంత పెద్దగుంటది?"

"చాలా పెద్దది. ఒక గదంత ఉంటుంది."

"ఏ గది? వంటింటంతా, హాలంతా?"

నిజంగా ఎంత ఉంటుంది? తలుపు కంటే ఎత్తా? మన ఇంటి కప్పు తగులుతుందా? ఎన్నోసార్లు చూసిన జంతువే, కొలత చెప్పమంటే చేతకాలేదు.

"చిన్నప్పుడు మా బళ్ళె మట్టి ఏనుగు చేతిల పెట్టిన్రు," అన్నారు వదిన. "నాలుగు కాళ్ళు, తొండం, తోక. నా అరచేతిల పట్టింది. ఇదే ఏనుగు, కాకపోతే మస్తు పెద్దగుంటది అన్నరు. అందరు పెద్దది పెద్దది అంటరు, ఎంత పెద్దదో ఎవ్వరు చెప్పలె. నాకు అరవై ఎనిమిదేండ్లొచ్చినయ్. ఇప్పటికి ఏనుగంటే నాకు గా అరచేతిల బొమ్మనే యాదికొస్తది."

చిన్నప్పుడొకసారి ఆవిడను కూడా జూకు తీసుకెళ్ళారట. జనమంతా చూడు చూడు అని అరుస్తున్నారట. వాళ్ళ నాన్నగారి భుజం మీద కూర్చుని ఆవిడ పల్లీలు తిన్నారట. ఆ రోజు గురించి అంతకంటే చెప్పడానికేమీ లేదన్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర, వదినను జూకు తీసుకెళ్తానని మావారితో అన్నాను. ఆయన ముఖం ముడుచుకుంది.

"అక్కను జూకా? ఆడ పోయి ఏం చేస్తది? అందరు చూస్తుంటె తను నిలబడాలె. ఎందుకు పరేషాన్ చేస్తవ్?"

లోపలి గదిలోంచి వదిన గొంతు వినబడింది. "పరేషాన్ అయితే నేనైత. నీకేంది?"

మర్నాడు జూకు ఫోన్ చేశాను. ఇద్దరు ముగ్గురు మారాక ఒకామె ఓపిగ్గా విన్నది. ముందుగా చెబితే పొద్దుటి పూట దగ్గరుండి చూపించడానికి మనిషిని ఇస్తామని, సోమవారం సెలవని, మంగళవారం వచ్చి ఒకసారి ఆయనతో మాట్లాడుకొమ్మని చెప్పింది.

అలా మొదట నేనొక్కదాన్నే వెళ్ళాను. గేటు దగ్గర నాకోసం ఎదురుచూస్తున్న ఆయనకు అరవై దాటి ఉంటాయి. తెల్లగడ్డం, తలమీద టోపీ. జంతువుల మధ్య పనిచేసి రిటైరై, ఇప్పుడు వచ్చినవాళ్ళకు తిప్పి చూపిస్తున్నారు. అక్కడ అందరూ ఆయన్ని చాచా అంటున్నారు. నేనూ అలాగే పిలిచాను.

క్యాలెండర్ కాగితం వెనకవైపు నేను రాసుకెళ్ళిన వరస తీసి చదివాను. పులి, జిరాఫీ, పాములు, పక్షులు, చివర ఏనుగు. పదిన్నరకు టిఫిన్. పన్నెండున్నరకు బయటికి.

చాచా బెంచీ మీద కూర్చుని కళ్ళు మూసుకున్నారు. నిద్రపోతున్నారేమో అనుకున్నాను. కాసేపటికి కళ్ళు తెరవకుండానే మాట్లాడారు.

"జిరాఫీ కొట్టెయ్యమ్మా. అది నోరిప్పదు. పాము కూడా వద్దు, అద్దం ఎనక ఉంటది. పులి ఈ టైముల పండుకుంటది, లెవ్వమంటే లెవ్వదు."

"మరి ఏం మిగులుతాయి చాచా?"

"చానా మిగులుతయ్. మీరు కూడ కళ్ళు మూసుకోండి."

మూసుకున్నాను. మొదట రోడ్డు మీద బస్సుల మోత. అది పక్కకు జరిగాక నెమళ్ళు. ఎక్కడో ఇనుప తలుపు జరిపిన చప్పుడు. ఆకులు. ఆ తరవాత, నీళ్ళలోంచి ఎవరో పెద్దమనిషి బుస్సున ఊపిరి వదిలినట్టు ఒక శబ్దం. ఉలిక్కిపడి కళ్ళు తెరిచాను.

"నీటిగుర్రం," అన్నారాయన నవ్వుతూ. "ముప్పై ఏండ్లు పని చేసిన, ఇట్ల అడిగినోళ్ళు ఎవ్వరు రాలె. మీ వదినమ్మ ఏం పని చేసిన్రు?"

"టెలిఫోన్ ఆపరేటర్."

"అయితే చెవులు మంచిగుంటయ్. ఎనిమిదిన్నరకు గేటు తెరుస్తరు. గప్పుడే లోపలుండాలె. తొమ్మిదిలోపు సింహం పిలుస్తది. బడి పిల్లలొస్తే ఇంక ఏం ఇనబడదు."

నా కాగితం మీద కొట్టివేతలే మిగిలాయి. కింద ఆయన చెప్పినట్టు కొత్త వరస రాసుకున్నాను. ముందు సింహం, ఆ తరవాత కొంగలు, నీటిగుర్రం, చివరికి ఏనుగు. ముట్టుకోనిస్తారా అని అడిగితే చాచా తల అడ్డంగా ఊపారు. రూలు ఒప్పుకోదు, పైగా పెద్ద జంతువు. కటకటాల దగ్గర నిలబెట్టి వినిపించడం వరకే తన చేతిలో ఉందన్నారు.

గురువారం వెళ్ళాలనుకున్నాం. బుధవారం రాత్రంతా వాన. ప్రయాణం ఆగిపోతుందేమోనని నేను అటూ ఇటూ తిరుగుతుంటే, వదిన మాత్రం కాటన్ చీర తీసి కుర్చీమీద పెట్టుకుని పడుకున్నారు. పొద్దున్నే పులిహోర కట్టాను. క్యాబ్ ఎక్కాక చిక్కడపల్లి గుడి గంట, నారాయణగూడ సిగ్నల్, అక్కడి బేకరీ వాసన, అన్నీ ఆవిడే నాకు చెబుతూ వచ్చారు. పాతబస్తీలోకి వచ్చాక మాటలు తగ్గిపోయాయి.

చాచా గేటు దగ్గరే ఉన్నారు. "సలామ్ అమ్మా" అని, వదిన చేతిని తన మోచేతి మీద పెట్టుకున్నారు. బ్యాటరీ బండి మీద సింహాల వైపు తీసుకెళ్ళి, చాలా దూరంలోనే దింపేశారు.

"ఇంకా దగ్గరికి పోదామా?" అన్నాను.

"ఇంతే చాలమ్మా. చెప్పులిడిచి నిలబడండి."

చెప్పులు విడిచాం. తడి నేల. పది నిమిషాలు ఏమీ వినబడలేదు. ఇంతలో ఒక మూలుగు, దాని వెనకే ఇంకొకటి, ఆ తరవాత గర్జన. టీవీలో విన్నదానికీ దీనికీ సంబంధమే లేదు. అది చెవుల్లోకి రాలేదు, నేలలోంచి కాళ్ళలోకి ఎక్కి కడుపులో ఆగింది. వదిన నా మణికట్టు పట్టుకున్న పట్టుకు గాజు వంగింది. ఇంకోవైపు నుంచి మరో సింహం బదులిచ్చింది. రెండూ ఒకదాన్నొకటి పిలుచుకుంటుంటే చెట్లమీది పక్షులన్నీ నోరు మూసుకున్నాయి.

అంతా ఆగాక ఆవిడ అడిగారు. "ఎంత దూరమున్నది అది?"

"రెండొందల అడుగులుంటది అమ్మా," అన్నారు చాచా.

"గంత దూరముండి, నా పక్కటెముకలల్ల కూసున్నట్టున్నది."

ఆవిడ కళ్ళలో నీళ్ళు చూశాను. బాధ మాత్రం లేదు.

కొంగలు ఆరోజు మాకోసం నోరు తెరవలేదు. నీటిగుర్రం మాత్రం మంచిగా పలకరించింది. ఊపిరి వదిలినప్పుడల్లా లేచిన తుంపరలు ముఖం మీద పడితే వదిన చిన్నపిల్లలా కిలకిలా నవ్వారు. ఏనుగుల దగ్గరికి చేరేసరికి పదయింది. అప్పటికే రెండు బడి బస్సులు వచ్చేశాయి.

ఏనుగు ఆవలి గట్టున దూరంగా నిలబడి మేత మేస్తోంది. కటకటాలు పట్టుకుని నిలబడ్డాం. కొమ్మ విరిగిన చప్పుడు, నమిలే చప్పుడు, వెనకాల పిల్లల అరుపులు. అంతే. చాచా పిలిచారు, మావటి పిలిచాడు. అది తల తిప్పలేదు.

వదిన మెల్లగా అన్నారు. "ఇంతేనా పిల్లా? ఆవు మేసినట్టే ఉన్నది."

మావారి మాటే నిజమైందా అనిపించింది.

చాచా అప్పటికే మావటి దగ్గరికి వెళ్ళి ఉర్దూలో ఏదో అడుగుతున్నారు. తిరిగొచ్చి, "అమ్మా, జర బురదల నడుస్తరా?" అన్నారు.

పక్కనే ఇనుప జాలీ గేటు తీసి మమ్మల్ని ఒక మట్టిదారి మీదికి తీసుకెళ్ళారు. పొద్దున్నే ఏనుగును తిప్పే దారి అది. అప్పుడు అక్కడ ఏనుగు లేదు. రాత్రి వానకు నానిన ఎర్రమట్టిలో దాని అడుగులు ఒక్కొక్కటీ పెద్ద తాంబాళంలా దిగబడి ఉన్నాయి.

"కూసోండి అమ్మా. చేతులు పెట్టి చూడండి. ఇది ముందరి కాలు, గుండ్రంగుంటది."

వదిన చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నారు. వేళ్ళు అంచు పట్టుకుని తిరగడం మొదలుపెట్టాయి. తిరుగుతూనే ఉన్నాయి. ముందువైపు గోళ్ళ గుర్తుల దగ్గర ఆగి, ఒక్కొక్క గోరూ తడిమాయి. తరవాత రెండు అరచేతులూ, ఆ పైన మోచేతుల దాకా పెట్టి చూశారు. రెండు చేతులూ అందులో పట్టేశాయి.

"ఇది ఒక్క కాలా?"

"ఒక్క కాలు."

మావటి దగ్గర తాడు తీసుకుని చాచా ఆ అడుగు అంచు చుట్టూ పరిచారు. చుట్టూ తిరిగి తాడు మొదలును తాకిన చోట గుర్తుగా ముడి వేశారు. వదిన చేత ఆ ముడిని పట్టించారు.

"మా ఉస్తాద్ నేర్పిండమ్మా నాకు. ముందరి కాలు చుట్టూ ఎంత కొలత అయితదో, దానికి రెండింతలు ఏనుగు భుజం ఎత్తు. తేడా వస్తె నాలుగు వేళ్ళంత వస్తది, అంతే."

ఆ కొలతకు మరో కొలత కలిపి రెండో ముడి వేశారు. తాడు మొదలు వదిన పాదం కింద తొక్కించి, చివర ముడిని పొడుగాటి వెదురుకర్రకు కట్టి మావటి చేత నిలబెట్టించారు.

"ఇప్పుడు తాడు పట్టుకుని పైకి రండి అమ్మా."

ఆవిడ చేతులు మోకాలు దాటాయి. నడుము దాటాయి. మొదటి ముడి ఛాతీకి కాస్త పైన తగిలింది. ముఖం దాటాయి. తల దాటాయి. చేతులు పూర్తిగా పైకి చాపారు. మునివేళ్ళమీద లేచారు. వేళ్ళ కొసల పైన ఇంకా తాడు ఉంది.

"ఇంకున్నదా?"

"ఇంకున్నదమ్మా."

"ఇంక... ఎంత?"

"జానెడు పైనే. అది భుజమే. తల దాని మీద ఉంటది."

వదిన చేతులు దించలేదు. తల వెనక్కి వాల్చి, ఏమీ కనబడని ఆకాశం వైపు ముఖం పెట్టి అలాగే నిలబడ్డారు. నేనూ ఆ వెదురు కొస వైపే చూస్తున్నాను. ఎన్నోసార్లు చూసిన ఏనుగును నేను ఆ క్షణంలోనే మొదటిసారి చూశాను. అంత ఎత్తున ఒక ప్రాణి నడుస్తూ, తింటూ, నిద్రపోతూ మనతోపాటు ఈ ఊళ్ళోనే ఉంటోందన్న సంగతి నాకు నిజంగా అప్పుడే తెలిసింది. ఆవలి గట్టున ఉన్న ఆ జంతువు వైపు మళ్ళీ తిరిగి చూశాను.

అప్పుడే వదిన చేతులు దించి, "ఉష్" అన్నారు.

నాకేమీ వినబడలేదు.

"ఏందది? కింద... మోటరు తిరిగినట్టు. ఆగింది. మళ్ళ వస్తున్నది."

చాచా ముఖం మారిపోయింది. మావటి వైపు చూశారు. మావటి ఏనుగు వైపు చూశాడు. మేత ఆపేసి, చెవులు విప్పుకుని, అది మా వైపే తిరిగి నిలబడి ఉంది.

"అది మాట్లాడుతున్నదమ్మా," అన్నారు చాచా. గొంతు తగ్గిపోయింది. "గొంతుల కాదు, పొట్టలకెల్లి వచ్చినట్టొస్తది. నాకు అది ఇనబడెతందుకు పదేండ్లు పట్టింది. మీకు ఇప్పుడే ఎట్ల ఇనబడ్డది?"

"మాతోని మాట్లాడుతున్నదా?"

"ఎవరితోనో నేను చెప్పలేను. మీరు మాట్లాడండి."

వదిన చేతులు జోడించారు. ఏమన్నారో నేను వినలేదు, వినాలని పక్కకు కూడా జరగలేదు. చాలాసేపు అక్కడే ఉన్నాం. బడి పిల్లలు వచ్చారు, వెళ్ళారు. పదిన్నరకు తినాల్సిన పులిహోర చాచాతోనూ మావటితోనూ పంచుకుని పన్నెండు దాటాక తిన్నాం. వదిన చీరంతా ఎర్రమట్టి. క్యాబ్ డ్రైవర్ సీటు మీద పేపరు పరిచాడు.

సాయంత్రం మావారు ఆఫీసు నుంచి వచ్చేసరికి వదిన బాల్కనీలో ఫోన్‌లో ఉన్నారు. విద్యానగర్‌లో ఉండే స్నేహితురాలితో మాట్లాడుతున్నారు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బళ్ళో, ఒకే బెంచీలో చదువుకున్నారు. ఆవిడకూ చూపు లేదు.

"నువ్వు లేసి నిలబడవే ముందు," అంటున్నారు వదిన. "నిలబడ్డవా? ఇప్పుడు చెయ్యి లేపు. మొత్తం లేపు. ఇంక పైకి. ఆఁ, గా వేళ్ళ మీద ఇంకొక జానెడు... లేదు లేదు, ఇంక పైకి!"

ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఆవిడ కూడా రెండు చేతులూ పైకి చాపి నిలబడి ఉన్నారు. మావారు గుమ్మంలోనే ఆగిపోయారు. చెప్పులు కూడా విప్పకుండా తన అక్కనే చూస్తున్నారు.