పర్లేదక్క వంతు

ఆమె అసలు పేరు మాలో ఎవరూ పిలవరు. హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద యంత్రం దగ్గర ఒక కొస నాది, ఇంకో కొస ఆవిడది. తడి దుప్పటిని చెరో మూలా పట్టుకుని, వేడి రోలర్ల మధ్యకు తిన్నగా అందించాలి. ఒకరు పరాకుగా ఉంటే రెండోవారి వేలు కాలుతుంది. “కాలిందా అక్కా?” అంటే “పర్లేదు” అంటుంది. “ఈ ఆదివారం కూడా నిన్నే రమ్మన్నారు” అంటే “పర్లేదు” అంటుంది. అలా పర్లేదక్క అయింది. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. నోట్లో నాలుక లేని మనుషుల్ని చూస్తే జాలి కంటే కోపమే ముందొస్తుంది నాకు.

ఇంటి దగ్గర ఆమె పరిస్థితి ఇది. మూడో అంతస్తులో రెండు గదులు. ఆమె, భర్త, మరిది, తోడికోడలు, మంచం పట్టిన అత్తగారు. పక్షవాతంతో ఆ పెద్దావిడకు ఒక పక్క చచ్చుబడింది, మాటా పోయింది. పట్టుదల మాత్రం పోలేదు. ఎవరూ లేరనిపిస్తే లేవబోయి కింద పడుతుంది. అందుకని ఎప్పుడూ ఒకరు పక్కన ఉండాల్సిందే. భర్త దూరాల బస్సు డ్రైవరు, మరిది గోదాములో పని. మగవాళ్ళవి డ్యూటీలు. ఆడవాళ్ళవి మాత్రం ఇంటిపనులు!

తోడికోడలిని అందరూ చిన్నది అంటారు. ఆ పిల్లకు సాయంత్రం నుంచి ఫోన్లలో మాట్లాడే ఉద్యోగం. కాబట్టి పగలు చిన్నది, సాయంత్రం నుంచి పర్లేదక్క. ఇద్దరూ ఇంట్లో ఉన్న పూట కూడా కలిసి కూర్చుని తిన్నది లేదు. ఒకరు అత్తగారి దగ్గర కూర్చుంటే ఒకరు తినాలి. ముందు తిన్నవాళ్ళు సగం అట్టేపెట్టి, దానిమీద గిన్నె బోర్లించి వచ్చి, “నేను కూర్చుంటా, మీరు తినండి” అనాలి. నాలుగేళ్ళుగా వాళ్ళిద్దరి మధ్య నడిచిన సంభాషణ దాదాపు అంతే.

అలాంటి చిన్నది పోయిన వారం ఉన్నట్టుండి, “అక్కా, మనిద్దరం బయటికెళ్ళి తిందాం. అన్నదమ్ములిద్దరూ ఇంట్లో ఉంటారు” అంది. ఎందుకో పర్లేదక్కకు తెలుసు. మరిదికి వేరే ఊరు బదిలీ అయింది. బాల్కనీలో అతను ఫోన్లో చెబుతుంటే బట్టలు ఆరేస్తూ విన్నది. చిన్నది వెళ్ళిపోతే పగలు అత్తగారిని చూసేదెవరు? ఇంకెవరు, ఈవిడే. లాండ్రీ మానేసి ఆ గదిలో పగలూ రాత్రీ ఒక్కతే కూర్చోవాలి. ఆ ఆలోచనతో రెండు రోజులు నిద్రపోలేదని తర్వాత నాతో అంది. మొగుడితో మాత్రం అనలేదు.

చిన్నది తీసుకెళ్ళింది జపాను వాళ్ళ బారుకు. బయట కాగితపు లాంతర్లు, లోపల పొగ, ఇరుకు బల్లలు. ఇద్దరూ తాగేవాళ్ళు కారు. పుల్లలకు గుచ్చి నిప్పుల మీద కాల్చిన చికెన్, ఉప్పు చల్లిన సోయా కాయలు, పులుసులో తేలే వేయించిన టోఫూ ముక్కలు, అన్నీ చిన్న చిన్న పళ్ళేల్లో వచ్చాయి.

చిన్నది తినడం మొదలుపెట్టింది. పర్లేదక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చిన్నది సగం పుల్లలు తిని, మిగిలినవాటి మీద గిన్నె బోర్లించి, చెయ్యి తుడుచుకుని లేచి నిలబడింది.

“నేను కూర్చుంటా, మీరు తినండక్కా.”

పర్లేదక్క కూడా లేచింది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఎవరి దగ్గర కూర్చోవాలి? పక్కన మంచం లేదు, అత్తగారు లేరు. అది వాళ్ళకు తట్టేలోపే, తినడం అయిపోయిందనుకుని వడ్డించే అమ్మాయి గిన్నెతో సహా పళ్ళెం పట్టుకుపోయింది.

“అయ్యో, నా చికెను!” అంది పర్లేదక్క. ఇద్దరికీ నవ్వాగలేదు. పక్క బల్లల వాళ్ళు తిరిగి చూశారు. నవ్వి నవ్వి చిన్నది ఏడుపులోకి దిగింది.

“అక్కా, ఆయనకి బదిలీ అయింది. వచ్చే నెల వెళ్ళిపోవాలి. ఎలా చెప్పాలో తెలీక ఇక్కడికి తీసుకొచ్చా. మీకు... పర్లేదు కదా?”

“పర్లేదు” అంది పర్లేదక్క.

నేను అక్కడుంటే ఆ గిన్నెతోనే ఒకటి తగిలించేదాన్ని.

బయటికొచ్చాక చిన్నదానికి మనసు తేలికపడింది కాబోలు, వీధి చివర ఫ్రోజెన్ యోగర్ట్ దుకాణం చూసి లాక్కెళ్ళింది. “పెరుగు తినడానికి దుకాణానికి రావాలా?” అంది ఈవిడ. అక్కడ యంత్రం మీట నొక్కి మనమే కప్పులో పట్టుకోవాలట. ఎప్పుడు వదలాలో ఈవిడకు తెలీదు. “వదలండక్కా, వదలండి!” అని చిన్నది అరిచేసరికి కప్పు మీద గోపురం లేచింది.

బల్ల దగ్గర కూర్చున్నారు. రెండు చెంచాలు తినేసరికి పళ్ళు జివ్వుమన్నాయి. చేతికి అలవాటైన పని, మిగిలింది మూతపెట్టి అట్టేపెడదామని పక్కన చూసింది. మూత లేదు. ఉన్నా లాభం లేదు, అది అప్పుడే అంచుల దగ్గర కరుగుతోంది. చిన్నదాని కప్పులోనూ కరుగుతోంది. ఒకరి తర్వాత ఒకరు తినే వస్తువు కాదది. ఎదురుగా చిన్నది గబగబా తింటోంది. ఆ పిల్ల తినేటప్పుడు కళ్ళు మూసుకుంటుందని పర్లేదక్క మొదటిసారి చూసింది.

“పర్లేదు కాదే” అంది.

చిన్నది కళ్ళు తెరిచింది. “ఏంటక్కా?”

“ఇందాక పర్లేదన్నాను చూడు. అది నోటి అలవాటు. నా వల్ల కాదు. అలిసిపోయానే. నువ్వు పోతే ఆ గదిలో నాకు పిచ్చెక్కుతుంది.”

చిన్నదాని మొహం పాలిపోయింది. “ఇప్పుడా చెప్పేది? అక్కడ ఇల్లు కూడా మాట్లాడేశారు ఆయన.”

“ఇప్పుడే. ఇదిగో, ఇది కరిగిపోకముందే.”

చిన్నది చెంచాతో కప్పు అడుగు గీకుతూ కూర్చుంది. చివరికి చిన్నది ముక్కు చీదుకుని, “అయితే ఇంటికెళ్ళి వాళ్ళిద్దరికీ మీరే చెప్పండి. నేను పక్కన నిలబడతా” అంది.

చెప్పిందట! నేను నమ్మలేదు. మర్నాడు పొద్దున యంత్రం దగ్గర దుప్పటి కొస పట్టుకుని ఆవిడే చెప్పింది. పగలు చూసుకోవడానికి మనిషి కుదిరేదాకా మరిది ఒక్కడే వెళ్ళాలని, చిన్నది ఇక్కడే ఉండాలని, బస్సు లేని రోజుల్లో వంతు పెద్దకొడుకుదేనని. మరిది మొహం మాడ్చుకున్నాడట. మొగుడేమో “ఇన్నాళ్ళూ చెప్పలేదేం?” అన్నాడట. అడగందే అమ్మయినా పెట్టదంటారు, నిజమే. కానీ ఒకే ఇంట్లో ఉంటూ, రెండు కళ్ళూ ఉన్న మనిషికి చెబితే గానీ కనిపించదా?

“మరి ఒప్పుకున్నారా?”

“మరిది ఇంకా ఏమీ తేల్చలేదు. ఈయన మాత్రం రాత్రి అత్తయ్య దగ్గర కూర్చున్నాడు. నేను పడుకున్నా.”

ఆ సంబరంలో నేను నా కొస ముందుగా వదిలేశాను. దుప్పటి చప్పున లోపలికి పోయింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

“కాలిందా అక్కా?” అన్నాను, జవాబు తెలిసిన ప్రశ్నే కదా అని ఇంకో దుప్పటి అందుకుంటూ.

“కాలింది” అంది. “బాగా మండుతోంది. కాసేపు యంత్రం ఆపు.”

ఆపేశాను.